ఎర్రమంచికి సెయింట్ లూసియా ఎంత దూరం?

మా మేనమామకు ఒక అలవాటు ఉండేది. వాన పడిన రోజున, ఎంత రాత్రయినా సరే, గూట్లోంచి పొడుగాటి లెక్కల పుస్తకం తీసి తేదీ, కార్తె, నేల ఎంత లోతున పదునైందీ రాసి పెట్టేవారు. "ఆరుద్ర. జానెడు పదును." అంతే, ఒక పంక్తి. దాని కింద ఎన్ని బస్తాల చెనక్కాయ విత్తిందీ, కలుపుకు ఎందరు కూలీలు వచ్చిందీ, బోరు ఎన్ని గంటలు పోసిందీ, చివరికి చేతికి ఎంత మిగిలిందీ ఉండేవి. "మిగిలింది" అన్న చోట చాలా ఏళ్లు అడ్డగీతే ఉన్నది.

ఆ పుస్తకం 2017తో ఆగిపోయింది. తర్వాతి పుటలన్నీ తెల్లగా ఉన్నాయి.

మామ ఊరు పెనుకొండకు దగ్గర, ఎర్రమంచికి మరీ దగ్గర. కియా కార్ల కర్మాగారం వచ్చిన ఎర్రమంచి అదే. మామ పొలం కర్మాగారపు స్థలంలోకి పోలేదు. అయితే ఆ ఏడాది హైదరాబాదు - బెంగళూరు రహదారి పొడుగునా భూములకు వచ్చిన గిరాకీలో, బయటినుంచి వచ్చిన ఒక ఆసామికి అమ్మేశారు. ఎవరూ బలవంతం చేయలేదు, మోసమూ జరగలేదు. ధర బాగుందని ఆయనే ఒప్పుకుంటారు. మొన్న సంక్రాంతికి వెళ్లినప్పుడు పుస్తకం తిరగేస్తూ, "మామా, ఎందుకు ఆపేస్తివి?" అని అడిగాను.

"ఇంగేం రాయాలప్పా? వాన పడితే నాకేమి, పడకపోతే నాకేమి?" అన్నారు.

ఆ మాట నన్ను వదలలేదు. దానికి జవాబు నాకు తోచిన చోటు మాత్రం విచిత్రమైనది. ఇక్కడికి సగం భూగోళం అవతల, కరీబియన్ సముద్రంలో ఉన్న చిన్న చిన్న దీవులు. మిత్రులు నవ్వినా ఫరవాలేదు, కాస్త ఓపిక పట్టి చదవమని మనవి.

చాలా ఏళ్ల క్రితం బెంగళూరు అవెన్యూ రోడ్డులో పాత పుస్తకాల బండి దగ్గర ఆర్థర్ లూయిస్ రాసిన ఆర్థికాభివృద్ధి సిద్ధాంత గ్రంథం దొరికింది. 1955 నాటి రచన. ఒకప్పుడు మన విశ్వవిద్యాలయాలలో అర్థశాస్త్రం చదివినవారందరికీ పరిచయమైన పుస్తకమే. నేను కొన్నది మాత్రం రచయిత పుట్టిన ఊరి పేరు చూసి. సెయింట్ లూసియా. మొత్తం 616 చదరపు కిలోమీటర్ల దీవి. జనాభా మా శ్రీ సత్యసాయి జిల్లా జనాభాలో పదో వంతు ఉంటుంది. అంత చిన్న నేల ఇద్దరు నోబెల్ గ్రహీతలను కన్నది: 1979లో అర్థశాస్త్రానికి లూయిస్, 1992లో సాహిత్యానికి డెరెక్ వాల్కాట్. ఇద్దరి పుట్టినరోజూ జనవరి 23 కావడం మరో ముచ్చట.

లూయిస్ 1915లో పుట్టాడు. తల్లిదండ్రులు బడిపంతుళ్లు. ఏడేళ్ల వయసులో తండ్రి పోయాడు. ఐదుగురు మగపిల్లలను తల్లి ఒంటిచేత్తో పెంచింది. ఇంజనీరు కావాలని ఉండేదట అతనికి. నల్లవాడిని ఇంజనీరుగా ఏ దొర కొలువులో పెట్టుకుంటాడు? అందుకని లండన్ వెళ్లి వాణిజ్యం, అర్థశాస్త్రం చదివాడు. 1948లో మాంచెస్టర్‌లో ఆచార్యుడయ్యాడు. ఆ రెండేళ్లకు, 1950లో, బ్రిటిష్ వెస్టిండీస్ దీవుల పారిశ్రామికీకరణ మీద ఒక వ్యాసం రాశాడు. ఎర్రమంచి కథకు నాంది నాకు అందులో కనిపించింది.

ఆ వ్యాస సారాంశం ఇది. దీవుల్లో జనం ఎక్కువ, సాగునేల తక్కువ. చెరకుతోటల మీద అందరూ బతకలేరు. కర్మాగారాలు కావాలి. వాటికి పెట్టుబడి మాత్రమే చాలదు, బయటి దేశాల్లో సరుకు అమ్మే నేర్పు కావాలి. అది స్థానికులకు లేదు. కనుక విదేశీ సంస్థలను బతిమాలైనా పిలవాలి. కొన్నేళ్లపాటు పన్ను మినహాయించాలి, స్థలం, నీరు, కరెంటు సిద్ధం చేసి పెట్టాలి. వచ్చినవారి దగ్గర మనవాళ్లు పని నేర్చుకుంటారు, డబ్బు కూడబెట్టుకుంటారు, ఆ తర్వాత తమ కర్మాగారాలు తామే పెట్టుకుంటారు. ఈ ఆలోచనకు ప్యూర్టోరికో దీవి అప్పటికే నమూనాగా ఉన్నది. అక్కడ 1947లోనే పన్ను మినహాయింపుల చట్టం వచ్చింది. లూయిస్‌ను విమర్శించినవారు ఈ పద్ధతికి "ఆహ్వానం మీద పారిశ్రామికీకరణ" అని పేరు పెట్టారు. వెక్కిరింతగా పెట్టిన పేరే, అదే నిలిచిపోయింది.

ఇక మన సంగతి. 2017 ఏప్రిల్ 27న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికీ కియాకూ అవగాహన ఒప్పందం కుదిరింది. 536 ఎకరాలు, 110 కోట్ల డాలర్ల పెట్టుబడి, మొదట ఏడాదికి 3 లక్షల కార్ల సామర్థ్యం. 2019 జనవరిలో ప్రయోగాత్మకంగా తొలి కారు బయటకు వచ్చింది. ఆగస్టులో సెల్టోస్ అమ్మకానికి వచ్చింది. డిసెంబరు 5న లాంఛనంగా ప్రారంభోత్సవం జరిగింది. స్థలం చదును, రోడ్డు, నీరు, పన్ను రాయితీలు అన్నీ సమకూర్చి పిలిచిన పిలుపు ఇది. లూయిస్ ఎప్పుడూ పెనుకొండ పేరు విని ఉండడు. అయినా పెళ్లిపత్రిక ఆయన రాసినట్టే ఉన్నది.

అన్ని పిలుపులూ ఫలించవు. 2008, 2009 ప్రాంతంలో ఇదే హిందూపురం వైపు చిలమత్తూరు, గోరంట్ల మండలాలలో లేపాక్షి నాలెడ్జ్ హబ్ పేరిట ఎనిమిది వేల ఎకరాలకు పైగా భూమి అప్పగించారు. అనుకున్న సంస్థలు రాలేదు, కేసులు మాత్రం వచ్చాయి. పందిరి వేశాక చుట్టాలు రాని ఇల్లు ఎలా ఉంటుందో ఆ దారిన వెళ్లినవారికి తెలుసు. ఎర్రమంచికి చుట్టాలు వచ్చారు, కుటుంబసమేతంగా వచ్చారు. కియాతో పాటు కొరియా విడిభాగాల సంస్థలూ చుట్టూ వెలిశాయి. రహదారి పక్కన బోర్డుల మీద తెలుగు, ఇంగ్లీషు పక్కన కొరియా లిపి కనబడితే మొదట్లో బస్సు కిటికీలోంచి వింతగా చూసేవాడిని. ఇప్పుడు మామూలైపోయింది.

ప్యూర్టోరికో సంగతి చెప్పకుండా దాటవేస్తే అన్యాయం. అక్కడి సంస్థలకు అమెరికా ప్రభుత్వం ఇస్తూ వచ్చిన పన్ను వెసులుబాటును 1996లో రద్దు చేసి, పదేళ్లలో దశలవారీగా తీసేశారు. ఆ తర్వాత చాలా కర్మాగారాలు సర్దుకున్నాయి. జనం పొట్ట చేతబట్టుకుని అమెరికా ప్రధాన భూభాగానికి తరలిపోయారు. అప్పుల భారానికి కారణాలు ఇంకా చాలా ఉన్నాయనుకోండి. చివరికి 2017 మే 3న ఆ దీవి ప్రభుత్వం అప్పులు తీర్చలేమంటూ న్యాయస్థానం మెట్లెక్కింది. ఇక్కడ ఒప్పందం మీద సంతకాలై అప్పటికి వారం కూడా కాలేదు. కాకతాళీయమే. కానీ ఈ రెండు తేదీలను పక్కపక్కన చూసిన నాటినుంచి నాకు ఆ దీవులు దూరంగా అనిపించడం లేదు.

2020 ఫిబ్రవరిలో, కర్మాగారాన్ని తమిళనాడుకు తరలించే ఆలోచన ఉన్నదని ఒక వార్త వచ్చింది. ప్రభుత్వమూ సంస్థా వెంటనే ఖండించాయి, కర్మాగారం ఎక్కడికీ పోలేదు. కానీ ఆ రాత్రి మామ నాకు ఫోను చేసిన మాట నిజం. "పోతాదంటనా?" అని అడిగారు. ఆయనకు అందులో ఉద్యోగం లేదు, వాటా లేదు. అయినా గొంతులో భయం ఉన్నది. ఊరి బతుకంతా ఒక గేటు చుట్టూ అల్లుకున్నాక ఆ గేటు లోపలి నిర్ణయాలు ఎంత దూరాన జరుగుతాయో ఆ ఒక్క ప్రశ్నలో తెలిసింది నాకు.

లూయిస్ కంటే నాకు ఎక్కువ నచ్చినది ఆయన మీద తిరగబడిన వాళ్ల కథ. 1948లో జమైకాలోని మోనాలో వెస్టిండీస్ విశ్వవిద్యాలయ కళాశాల పెట్టినప్పుడే, దానితో పాటు సామాజిక, ఆర్థిక పరిశోధనకు ఒక సంస్థను కూడా పెట్టారు. 1953 నుంచి దానికొక పత్రిక. స్వాతంత్ర్యం ఇంకా రాలేదు, తిండికే కటకట. అయినా తమ లెక్క తామే రాసుకోవాలన్న పట్టుదల. 1960లలో లాయిడ్ బెస్ట్, నార్మన్ గిర్వన్, జార్జ్ బెక్‌ఫర్డ్ వంటి యువకులు తమ దీవులలో పుట్టిన మహా పండితుడినే నిలదీశారు. పిలిచిన సంస్థలు వచ్చాయి సరే, నేర్పాయా? లాభం ఎక్కడికి పోయింది? చెరకుతోట పోయి కర్మాగారం వచ్చినా యజమాని సముద్రం అవతలే ఉంటే తోటకూ కర్మాగారానికీ తేడా ఏమిటి? ఈ దీవుల ఆర్థికవ్యవస్థ ఇంకా తోటే అని బెస్ట్ 1968లో అదే పత్రికలో సిద్ధాంతం కట్టాడు. (ఆ తోటల్లో పనిచేయడానికి 19వ శతాబ్దంలో మద్రాసు రేవులో ఓడలెక్కినవారిలో మన తెలుగువారూ ఉన్నారు. అది మరెప్పుడైనా రాయవలసిన కథ.)

గిర్వన్ పని మరీ ముచ్చటైనది. జమైకా ఎర్రమట్టిలో బాక్సైటు ఉన్నది. 1952లో ఎగుమతి మొదలై, 1957 నాటికి ప్రపంచంలోకెల్లా ఎక్కువ బాక్సైటు తవ్వే దేశమైంది జమైకా. అతను మట్టి వెంట నడిచాడు. తవ్వే సంస్థ, ఓడ, కరిగించే కర్మాగారం, అన్నీ ఒకే యజమానివి. ఒక జేబులోంచి తీసి మరో జేబులో వేసుకునే సరుకుకు ధర ఎవరు కడతారు? యజమానే. ఆ కట్టిన ధర మీదే జమైకాకు పన్ను. విలువ పెరిగే అంచెలన్నీ దీవి బయటే. జమైకాకు మిగిలినది గుంతలూ, శుద్ధి చేశాక మిగిలే ఎర్రబురద మడుగులూ. ఆ క్షారం భూగర్భజలాల్లోకి ఇంకుతుందన్న బెంగ. 1974లో మైకేల్ మాన్లీ ప్రభుత్వం సుంకాన్ని మట్టి ధర మీద కాక, చివరన తయారయ్యే అల్యూమినియం దిమ్మె ధరలో 7.5 శాతంగా నిర్ణయించింది. ఒక దేశం లెక్క వేసే చోటును మార్చింది. దాని వెనుక అలాంటి పరిశోధకుల ఏళ్ల తరబడి శ్రమ ఉన్నది.

గిర్వన్ మట్టి వెంట నడిచినట్టు ఎర్రమంచిలో కారు వెంట నడిస్తే ఎలా ఉంటుంది?

మొదట నీళ్లు. అనంతపురం ప్రాంతంలో ఏడాదికి సగటున కురిసేది ఇంచుమించు 550 మిల్లీమీటర్లు. కర్మాగారానికి నీళ్లు గొల్లపల్లి జలాశయం నుంచి వస్తాయి. గొల్లపల్లికి హంద్రీ-నీవా కాలువలోంచి వస్తాయి. ఆ కాలువకు శ్రీశైలం వెనుక జలాల నుంచి మల్యాల దగ్గర ఎత్తిపోస్తారు. అంటే కృష్ణమ్మ మెట్టు మెట్టుగా పైకెక్కి పెనుకొండ దాకా వస్తున్నది. ఏ పొలానికని ఆ కాలువ కలగన్నామో, ఆ పొలానికి ఎన్నేళ్లలో ఎంత చేరింది? గేటుకు ఎంత చేరింది? ఎత్తిపోసే కరెంటు ఎవరి ఖాతాలో పడింది? ఈ మూడు అంకెలు ఒకే కాగితం మీద, ఏటా, పెనుకొండ బస్టాండులో అంటిస్తే చాలు. ఎవరినీ తప్పుపట్టనక్కర లేదు.

తర్వాత ఉద్యోగాలు. 2019 జూలైలో రాష్ట్ర శాసనసభ పరిశ్రమల్లో 75 శాతం స్థానికులకే అని చట్టం చేసింది. శాతం కంటే నాకు ముఖ్యంగా తోచే ప్రశ్న లూయిస్‌దే: నేర్చుకున్నారా? ఏడేళ్లు ఒక వరుసలో నిలబడి ఒకే బోల్టు బిగించిన కుర్రవాడు ఎనిమిదో ఏట ఏమి చేయగలుగుతున్నాడు? సోమందేపల్లిలో సొంతంగా ఒక చిన్న షెడ్డు వేసి విడిభాగం తయారుచేసి ఇవ్వగలిగితే లూయిస్ గెలిచినట్టు. మరో ఫ్యాక్టరీలో అదే బోల్టు కోసం వరుసలో నిలబడితే బెస్ట్ గెలిచినట్టు. మనిషి మనిషినీ అడిగి రాసుకోవలసిన లెక్క ఇది. హిందూపురం వైపు దుస్తుల ఫ్యాక్టరీలకు తెల్లవారకముందే బస్సులెక్కే ఆడపిల్లలను కూడా అందులో కలపాలి. కార్ల వెలుగులో వాళ్లు ఎవరికీ కనబడరు.

భూమి సంగతి రాయాలంటే కలం కాస్త ఆగుతున్నది. మామ పొలం అమ్మిన రోజున అమ్మ సంతకం కూడా కావలసి వచ్చింది. ఆడబిడ్డ హక్కు కదా. అమ్మ బెంగళూరు నుంచి వెళ్లి సంతకం పెట్టి, గట్టు మీద ఉన్న వేపచెట్టు దగ్గర కాసేపు కూర్చుని వచ్చేసింది. డబ్బులో వాటా తీసుకోలేదు. "అది మా నాయన నేల, నాకు డబ్బెందుకు?" అన్నది. నాకు అప్పుడు ఆ తర్కం అర్థం కాలేదు. ఆ తర్వాత ఎడిత్ క్లార్క్ అనే జమైకా పరిశోధకురాలి పుస్తకం గురించి చదివాను. 1957లో వచ్చింది, అక్కడి పల్లె కుటుంబాల మీద. అందులో "కుటుంబ నేల" అన్న మాట ఉన్నది. కాగితం ఎవరి పేరనైనా ఉండనీ, ఆ నేల పూర్వీకుల సంతతి అందరిదీ. ఆడా మగా తేడా లేదు, ఊరు విడిచిపోయినవాడికీ తిరిగివస్తే తలదాచుకునే హక్కు ఉన్నది. అమ్మకానికి పెట్టే వస్తువు కాదది. చట్టం ఆ మాటను గుర్తించదు, జనం గుర్తిస్తారు. అమ్మ వేపచెట్టు కింద కూర్చున్నది ఆ హక్కుతోనే కాబోలు.

ఇక కాగితమే లేనివాళ్లు. బార్బుడా అనే మరో దీవిలో బానిసత్వం పోయిన నాటినుంచీ నేలను జనం ఉమ్మడిగానే వాడుకుంటున్నారు. 2007లో చట్టం కూడా అదే మాట చెప్పింది. 2017 సెప్టెంబరులో ఇర్మా తుఫాను దీవిని ఊడ్చేసింది, జనాన్నంతా పక్క దీవికి తరలించారు. వాళ్లు తిరిగి కుదుటపడకముందే, 2018లో, ఆ చట్టాన్ని మార్చారు. జనం లండన్‌లోని ప్రీవీ కౌన్సిల్ దాకా వెళ్లారు, 2022లో ఓడిపోయారు. నాకు మా కురుబల గొర్రెల మందలు గుర్తుకొచ్చాయి. పంట కోసిన చేలో మంద తోలితే రైతుకు ఎరువు, కాపరికి మేత. ఆ ఒప్పందం ఏ రిజిస్టరులోనూ లేదు. చేను ప్రహరీగోడ అయినప్పుడు పట్టాదారుకు ధర వచ్చింది, కౌలుదారుకూ కూలికీ కాపరికీ ఏ పద్దు కింద ఏమి రావాలి?

ఇదంతా మామకు చెప్పాను. ఆయన శ్రద్ధగా విన్నారు. విని, "ముందు బాగుండెనని ఎవురు చెప్పినారప్పా నీకు?" అన్నారు.

నిజమే. ఆ పుస్తకంలోని అడ్డగీతలే సాక్ష్యం. ఎండిన బోర్లు, ఊడలు దిగని చెనక్కాయ, కర్ణాటకకూ కేరళకూ వలసపోయిన ఇళ్ల తాళాలు. లూయిస్‌ను వెక్కిరించినవారికంటే లూయిస్‌కే ఈ విషయం బాగా తెలుసునని నా అభిప్రాయం. 1952 ఆగస్టులో బ్యాంకాక్ వీధుల్లో నడుస్తుండగా ఆయనకొక ఆలోచన మెరిసిందట. పల్లెల్లో చాలినంత పని లేని చేతులు లెక్కలేనన్ని ఉన్నంతకాలం పట్నంలో ఎంత లాభం వచ్చినా కూలి పెరగదు. ఆ చేతులకు పని దొరికిన తర్వాతే పెరుగుతుంది. 1954లో అది వ్యాసమైంది, పాతికేళ్లకు నోబెల్ తెచ్చింది. వ్యవసాయాన్ని బాగుచేయకుండా కర్మాగారాలు మాత్రమే పెడితే నిలవవని కూడా ఆయన 1950లోనే చెప్పాడు. పిలిచినవాళ్లు ఆ సగం చదవకుండా వదిలేశారు, అక్కడా ఇక్కడా.

కాబట్టి నా గొడవ కర్మాగారంతో కాదు. లెక్కతో.

ఈ నేలను లెక్కించడం కొత్త కాదు. 1800 నుంచి 1807 దాకా థామస్ మన్రో దత్తమండలాల కలెక్టరుగా ఉన్నప్పుడు చేను చేనునూ కొలిపించాడు. అది కుంఫిణీ శిస్తు కోసం కట్టిన లెక్క. రెండు వందల ఏళ్లకు, 2006 ఫిబ్రవరి 2న, ఇదే అనంతపురం జిల్లా నార్పల మండలం బండ్లపల్లిలో ఉపాధి హామీ పథకం మొదలైంది. దానితో పాటు సామాజిక తనిఖీ అనే అపురూపమైన పద్ధతి మన రాష్ట్రంలో పాదుకున్నది. గ్రామసభలో మస్టరు పైకి చదువుతారు: ఫలానా ఆమెకు ఇన్ని రోజులు, ఇంత కూలి. ఆమె అక్కడే లేచి "నాకు రాలేదు" అనవచ్చు. దీవుల పండితులు విశ్వవిద్యాలయంలో చేసిన పనిని మనవాళ్లు రచ్చబండ దగ్గర చేశారు. ఉపాధి పని కూలికి పైకి చదివే మస్టరు ఉన్నప్పుడు 536 ఎకరాలకు ఎందుకు ఉండకూడదు? నీళ్ల పద్దు, రాయితీల పద్దు, ఉద్యోగాల పద్దు, ఏటా ఒకసారి ఎర్రమంచి గ్రామసభలో తెలుగులో చదవడానికి పెద్ద ఖర్చేమీ కాదు.

బయలుదేరే ముందు రోజు సాయంత్రం ఆ పుస్తకాన్ని మళ్లీ మామ ముందు పెట్టాను. "వాన నీకు కాకపోతే పోనీ. బోరు ఎన్ని గంటలు పోస్తాందో రాయి. ఊళ్లో ఎన్ని ఇండ్లు బాడుగకు ఇచ్చినారో, ఎవురి పిల్లోడు ఏ గేటులో పనికి పోతాండాడో, ఎవురు మానేసినారో, ఎందుకు మానేసినారో రాయి" అన్నాను.

"నాకేం పని లేదనుకుంటివా?" అని కసిరి, పుస్తకం గూట్లో పెట్టేశారు.

మొన్న అత్తయ్య ఫోనులో ఒక ఫోటో పంపింది. తెల్ల పుట మీద మామ దస్తూరీ. పైన తేదీ, పక్కన కార్తె పేరు కూడా వేశారు, అలవాటు పోలేదు. కింద మూడు పంక్తులు. ఇంటి బోరు రెండు గంటలు పోసింది. పడమటింటి పిల్లోడు పని మానేసినాడు, కారణం అడగాల. గొల్లపల్లిలో నీళ్లు ఎంతుండాయో పోయి చూడాల.